దేనికంటే మాస్టారు

మాస్టారు పోయిన సంగతి నాకు బేరం మధ్యలో తెలిసింది.

పొద్దున్నే కొట్టు తీసి, బిందెలు గుమ్మంలో వరసగా పేర్చి, అప్పుడే కూర్చున్నాను. గుడివాడ నుంచి ఫోను. ఎవరో పెద్దావిడ గొంతు. స్టీలు డబ్బాలు కావాలంది, మూతలు గట్టిగా ఉండాలంది, మూతల మీద పేరు వేయాలంది, అక్షరానికి ఎంత తీసుకుంటారంది. చెప్పాను. సగానికి అడిగింది. సగానికి అడిగే మనుషులంటే నాకు గౌరవం. అందుకని మా నాన్న నేర్పిన పాఠం అప్పజెప్పాను.

"మీకంటే తక్కువకి ఎవరికీ వేయలేదండీ, ఒట్టు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"మీకంటే అంటే ఏంటమ్మా? మాకు చెప్పినదానికంటేనా, మేం ఇస్తామన్నదానికంటేనా? మాట సగంలో వదిలేస్తే ఎలా? మా అన్నయ్య ఉంటే అడిగేవాడు."

"ఉంటే" దగ్గర నా బేరం ఆగిపోయింది. భూమ్మీద ఆ ప్రశ్న అడిగే మనిషి నాకు తెలిసి ఒక్కరే.

"మీరు మాస్టారి చెల్లెలు గారా?" అన్నాను.

"ఆఁ. నా దినానికి పంచే డబ్బాలు బందర్లో నా గది కింద కొట్లోనే చేయించు, అక్షరానికి గట్టిగా బేరమాడు అని చెప్పి మరీ పోయాడు. ఆడుతున్నాను. నువ్వే తగ్గట్లేదు."

ఆయన పోయిన సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడగబోయాను. ఆవిడే అంది: "ఎవరికని చెప్పనమ్మా మీ ఇంట్లో? ఏమని చెప్పను?"

కాటా దగ్గర కూర్చున్న మా అత్త ఒక గిన్నెని గుడ్డతో తుడుస్తోంది. అప్పటికే మెరుస్తున్న గిన్నెని ఇంకా తుడుస్తోంది. ఫోనులో మాటలు ఆవిడకి వినపడ్డాయని నాకు అప్పుడు అర్థమైంది.

*

మాది బందర్లో స్టీలు సామాన్ల కొట్టు, కోనేరు సెంటరుకి కాస్త ఇవతల. పైన ఒక పెద్ద గది, ఒక చిన్న గది. పెద్ద గదిలో మాస్టారు చాలా ఏళ్ళు ఇంగ్లీషు ట్యూషను చెప్పారు. చిన్న గదిలో కాపురం ఉన్నారు. కాపురం అంటే ఒక మడతమంచం, ఒక స్టవ్వు, ఒక గొడుగు. ఎందుకు పెళ్ళి చేసుకోలేదని మా నాన్న ఒకసారి అడిగాడు.

"మావాళ్ళు సంబంధం చూసినప్పుడల్లా ఈ పిల్ల మేలు అనేవారండీ. ఎవరికంటే అని అడిగేవాణ్ణి. అక్కడితో ఆగిపోయేది" అన్నారు.

ఊరు ఆయనకి దేనికంటే మాస్టారు అని పేరు పెట్టింది. అసలు పేరు నేనిక్కడ రాయను. పేరు వేస్తే అక్షరానికి రేటుంది మా దగ్గర.

మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరి మాటో సరిగ్గా వినపడనట్టు కాస్త ముందుకి వంగి ఉండేవారు. చొక్కా జేబులో సుద్దముక్క. ఆ జేబు ఏ రంగు చొక్కాకైనా తెల్లగానే ఉండేది. గొడుగు వానకీ ఎండకీ విప్పగా నేను చూడలేదు. అది ప్రశ్న అడగడానికి. ఎదుటివాళ్ళు ఎవరినైనా, దేన్నైనా పోల్చి సగంలో ఆపితే, గొడుగు కొన నేలకి ఒకసారి తాటించి, "దేనికంటే?" అనేవారు. అంతే. కోపం లేదు, వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలని.

బట్టల కొట్టు బోర్డు మీద 'తక్కువ ధరలకే' అని ఉంటే లోపలికి వెళ్ళి అడిగేవారు. ఒక కొట్టువాళ్ళు ఆయన్ని పంపించడానికి చేతిరుమాలు ఊరికే ఇచ్చేశారు. డాక్టరు "ఇప్పుడు మేలుగా ఉందా?" అంటే "దేనికంటే అండీ, నిన్నటికంటేనా, జ్వరం రాకముందు కంటేనా?" అని, వెనక వరసలో కూర్చున్న రోగులందరి చేతా తిట్లు తినేవారు.

ఈ అలవాటు ఎక్కడ పట్టుకుందని అడిగితే దివిసీమ అనేవారు. కృష్ణ పాయల మధ్య లంక ఊరు ఆయనది. వరద రోజుల్లో గట్టు మీదకి వెళ్ళినవాళ్ళు పరిగెత్తుకొచ్చి "నీళ్ళు ఎక్కువయ్యాయి" అని కేకేస్తే, వాళ్ళ నాన్న కదిలేవాడు కాదట. "దేనికంటే?" అనేవాడట. పొద్దుటికంటే అయితే గేదెల్ని విప్పాలి. కిందటి వరద కంటే అయితే గేదెల్ని వదిలేసి పిల్లల్ని ఎత్తుకోవాలి.

"మా ఇంట్లో ఆ ప్రశ్న వ్యాకరణం కాదమ్మాయ్, పడవ" అని నవ్వేవారు.

మాకేమో అది పడవ మునిగే ప్రశ్న. మా వ్యాపారం నిలబడిందే సగం మాటల మీద. 'తక్కువకే ఇస్తాం', 'ఇది ఇంకా మందం', 'ఇంతకంటే మంచిది దొరకదు'. దేనికంటే మందమో చెప్పాల్సిన రోజున మేం షట్టరు దించుకుని ఇంటికెళ్ళాలి. అలాంటి ఇంటి మేడ మీద అలాంటి మనిషికి గది ఇచ్చాడు మా నాన్న. అద్దె బేరంలోనే తెలియాల్సింది. "పక్క వీధి కంటే తక్కువే మాస్టారూ" అని మా నాన్న అంటే, ఆయన పక్క వీధి మొత్తం తిరిగి కనుక్కొచ్చారు.

అత్తతో ఆయన మొదటి మాట కూడా అదే. అత్త మా నాన్నకి అక్క. పెళ్ళయిన కొత్తలోనే భర్త పోతే పుట్టింటికొచ్చి, ఆ వారమే కాటా దగ్గర కూర్చుంది. అక్కణ్ణుంచి లేవలేదు. స్టీలు తూకానికి అమ్ముతాం కాబట్టి కాటా దగ్గర కూర్చున్నవాళ్ళే కొట్టుకి రాజు. మాస్టారు ఒక గ్లాసు కొనడానికి కిందికి దిగారు.

"ఇది తీసుకోండి, బరువెక్కువ" అంది అత్త.

"దేనికంటే అండీ?"

అత్త ఇంకో గ్లాసు తీసి కాటా మీద పెట్టింది. "దీనికంటే."

"అదీ మీదేగా. పక్క కొట్లో దానికంటే?"

"తెచ్చుకోండి, తూచి చెప్తాను."

ఇంకొకరైతే నవ్వి ఊరుకుంటారు. ఆయన నిజంగా వెళ్ళి పక్క కొట్లో గ్లాసు పట్టుకొచ్చారు. తూచితే మాదే తేలిక. నేను కౌంటరు కింద దాక్కునే పనిలో ఉన్నాను. అత్త కనురెప్ప కొట్టలేదు.

"చూశారా, మోయడానికి సుఖం" అంది.

మాస్టారు గొడుగు మీద వాలిపోయి నవ్వారు. పక్క కొట్లోది తిరిగిచ్చేసి మాదే కొన్నారు. ఆ తర్వాత రోజూ ఏదో ఒక వంకతో కిందికి దిగేవారు. గరిటె, వడగట్టు, మూత, మూతకి పిడి. ఒంటరి మనిషికి అన్ని గరిటెలెందుకని మా నాన్న అడగలేదు. గిరాకీని ప్రశ్నించడం మా వంశంలో లేదు.

*

ఆయన పాఠం నేను కింద కూర్చుని విన్నాను. వినకపోతే నెత్తి మీద పడేది. ఎందుకంటే ఆయన ఇంగ్లీషుని నీళ్ళు పోసి చెప్పేవారు.

దానికి మా కొట్లో సామాన్లే. సొట్టపడి అమ్ముడుపోని బిందె ఒకటి, చెంబు ఒకటి, గ్లాసు ఒకటి అడిగి పట్టుకెళ్ళారు. ముగ్గురు పిల్లలని నిలబెట్టి తలా ఒకటి ఇచ్చేవారు. బిందె పట్టుకున్నవాడు 'నేను'. చెంబు 'ఆమె'. గ్లాసు 'అతను'.

"షి లైక్స్ హిమ్ మోర్ దేన్... చెప్పు, దేన్ ఐ ఆ? దేన్ మీ ఆ?"

"ఏదైనా ఒకటే కదండీ" అనేవాడు బిందె.

"ఒకటేనా? అమ్మాయ్, నువ్వు గ్లాసులో పొయ్యి." చెంబు గ్లాసులో నిండా పోసేది. "ఇప్పుడు విను. దేన్ ఐ అన్నావంటే నువ్వూ పోసేవాడివే. గ్లాసులో నువ్వూ పోశావు, కాకపోతే కాస్త తక్కువ పోశావు. దేన్ మీ అన్నావంటే నువ్వు పోయించుకునేవాడివి. ఆ చెంబే నీ బిందెలోకీ కాస్త వంచింది, గ్లాసుకి పోసినంత కాదు. నువ్వు పోశావా, నీకు పోశారా? అది తేల్చుకోకుండా నోరు తెరవకు."

"మరి సినిమాల్లో దొరలు కూడా అన్నిచోట్లా 'మీ' అనే అంటారు కదండీ?"

"అంటారు. తప్పని నేననను. అప్పుడు మనకి ఎలా తెలుస్తుంది?"

"తెలీదండీ."

"అందుకని ఒక్క ముక్క చేర్చు. దేన్ ఐ డూ అను. లేదా దేన్ షి లైక్స్ మీ అను. ఒక్క ముక్క ఎక్కువైతే మీ నోరేం అరిగిపోదు."

నాకు ఒళ్ళు మండేది. నేను అక్షరాలు వేసి బతికేదాన్ని. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ గిన్నెల మీద పేర్లు వేసే మిషను నా చేతిలోనే ఉండేది. నా దగ్గరికొచ్చినవాళ్ళు ఇంటిపేరుని పొడి అక్షరం చేసి, 'గారు' తీసేసి, 'జ్ఞాపకార్థం' బదులు చుక్క పెట్టమనేవారు. పైనేమో ఈయన, ఉన్న వాక్యానికి ఇంకో ముక్క తగిలించమంటారు. ఒకసారి మెట్ల దగ్గర నిలదీశాను.

"మా తెలుగులో ఈ గోల లేదు మాస్టారూ. ఇంగ్లీషువాళ్ళకే తిన్నది అరక్క."

"అలాగా? మా చెల్లికి నాకంటే తమ్ముడంటే ఇష్టం. ఎవరు ఎవరికి పోశారో చెప్పు."

నోరు తెరిచాను. చెల్లికి నామీద ఉన్న ఇష్టం కంటేనా? తమ్ముడి మీద నాకున్న ఇష్టం కంటేనా? మూశాను.

"మనం చెయ్యి ఊపి, కళ్ళు తిప్పి గట్టెక్కేస్తాం. ఫోనులో చెయ్యి కనపడదుగా" అన్నారు జాలిగా.

ఆ నీళ్ళ పాఠంలో పైన బిందె జారిపడ్డ ప్రతిసారీ కింద గరిటెల బుట్టలో వాన కురిసేది. అత్త తల ఎత్తకుండానే కేకేసేది: "మాస్టారూ! ఇవాళ ఎవరు ఎవరిని ఎక్కువ ప్రేమించారండీ?"

పైనుంచి జవాబు: "చెంబేనండీ!"

*

చెల్లెలు గారు గుడివాడ నుంచి మొదటిసారి వచ్చినప్పుడు నేను కొట్లోనే ఉన్నాను. గుండ్రటి మనిషి, పెద్ద బొట్టు, చంకలో సంచి. మెట్లెక్కలేదు. కాటా ముందు నిలబడింది.

"మా అన్నయ్యని తీసుకెళ్దామని వచ్చాను. ఈ వయసులో ఆ మెట్లేంటి, ఆ స్టవ్వేంటి? మా ఇంట్లో గది ఖాళీగా ఉంది. ఎన్నిసార్లు పిలిచినా రాడు. ఇక్కడేదో ఉందని నాకు తెలుసులెండి."

"ఇక్కడ స్టీలుంది" అంది అత్త.

"మీరు రోజూ చారు పంపిస్తారట పైకి."

"మిగిలితే పంపిస్తాను."

"రోజూ మిగులుతుందా అండీ?"

ఇద్దరూ సమానం. కొట్లో ఇద్దరు గిరాకీలు బిందెలు చూస్తున్నట్టు నటిస్తున్నారు. అప్పుడే మాస్టారు దిగారు. నిటారు మెట్లు కదా, పక్కకి తిరిగి, పీతలా దిగేవారు. సగం మెట్ల మీద ఉండగానే చెల్లెలు పట్టుకుంది.

"అన్నయ్యా, అందరి ముందూ అడుగుతున్నాను. నీకు నాకంటే ఆవిడ ఎక్కువా?"

వాక్యం పూర్తిగా ఉంది. ఎవరికంటే అనేది ఉంది, ఎవరు అనేది ఉంది, ఎవరికి అనేది ఉంది. ఆయనకి అడగడానికి ఏమీ మిగల్లేదు. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. జేబులోంచి సుద్దముక్క తీసి చూసుకున్నారు. అత్త కాటా మీద ముల్లునే చూస్తోంది. కాటా మీద ఏమీ లేదు.

"ఇలాంటి ప్రశ్న పరీక్షలో రాదమ్మా. రానివి నేను చదవలేదు" అన్నారు.

గిరాకీలు నవ్వేశారు. చెల్లెలికి నవ్వు రాలేదు. అత్త టీ తెప్పించింది. చెల్లెలు సగం తాగి, సగం గ్లాసు కౌంటరు మీదే వదిలేసి వెళ్ళిపోయింది. మా ఊళ్ళో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

సాయంత్రం నేనుండబట్టలేక అడిగాను. "ఎందుకండీ తేల్చలేదు? అందరినీ తేల్చమంటారుగా."

"చారుకి గిన్నె మేలా, గరిటె మేలా అని నిన్నెవరైనా అడిగితే ఏం చెప్తావు?"

"రెంటికీ ధర చెప్తాను."

"నేను కొట్టు పెట్టలేదమ్మాయ్" అని పైకెక్కిపోయారు.

కానీ ఆ ఆదివారం పొద్దుటి పాసింజరెక్కి గుడివాడ వెళ్ళారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళారు. మొదటి ఆదివారమే అత్త ఒక స్టీలు క్యారేజీ నింపి చేతికిచ్చింది. పప్పు, వేపుడు, అడుగున గోంగూర పచ్చడి. "చెల్లెలు గారింటికి ఉత్త చేతుల్తో వెళ్తారా?" అంది. మర్యాదే. కానీ ఆ క్యారేజీ మూత మీద అత్త పేరు నా చేతే వేయించింది, పెద్ద అక్షరాల్లో. నా దగ్గర ఊరికే వేయించుకున్న ఒకే ఒక్క గిరాకీ ఆవిడ.

ఇంక చెల్లెలు ఊరుకుంటుందా? వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు కదా. సాయంత్రం బండికి అదే క్యారేజీ నిండుగా వచ్చింది. అడుగున గోంగూర. అత్త వేలితో ముట్టి నాలుక్కి రాసుకుంది. చెవుల దాకా ఎర్రబడింది.

"కావాలనే వేసింది కారం" అంది.

మరుసటి ఆదివారం అత్త గోంగూరకి రెట్టింపు మిరపకాయలు వేగాయి. ఆ వాసనకి పక్క కొట్టువాళ్ళు కూడా దగ్గారు. ఇద్దరు ఆడవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. వాళ్ళు చెప్పుకోవాల్సిందంతా ఆ క్యారేజీ చెప్పేది. మధ్యలో ఈయన. అక్కడ ఆవిడ వడ్డించి అడిగేది: "ఎలా ఉంది అన్నయ్యా, ఆ బందరావిడ దానికంటే?" ఇక్కడ ఈవిడ అడిగేది: "బానే ఉందా మాస్టారూ, గుడివాడ దానికంటే?"

జీవితమంతా అందరి మీదా విసిరిన ప్రశ్న ప్రతి ఆదివారం పూర్తి వాక్యంగా ఆయన పళ్ళెంలోకే వచ్చి పడింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, ముక్కు తుడుచుకుంటూ, "కారంగా ఉందండీ" అనేవారు.

"దేనికంటే?" అనేది అత్త, తీరిగ్గా.

మజ్జిగ తాగి బయటపడేవారు.

*

కిందటేడు వానాకాలంలో మెట్ల మీద కాలు బెణికింది. ఆ తర్వాత ఆయాసం వచ్చింది. చెల్లెలు కారు తెచ్చి తీసుకెళ్ళిపోయింది. ఆ రోజూ క్యారేజీ ఆయన ఒళ్ళోనే ఉంది. ఆదివారమే వచ్చేస్తానన్నారు.

రాలేదు. క్యారేజీ కూడా రాలేదు.

అత్త చూడ్డానికి వెళ్ళలేదు. వెళ్దాం రమ్మని నేనంటే, "ఎవరినని వెళ్ళనే? పక్క మంచం మీద కూర్చుని ఎవరైనా మీరేమవుతారంటే ఏం చెప్పను, కింద కొట్టు అని చెప్పనా?" అంది. దివిసీమ నుంచి వచ్చే పాత శిష్యులెవరైనా గుడివాడ వెళ్తున్నారని తెలిస్తే చారుపొడి పొట్లం కట్టి ఇచ్చేది. ఎవరు పంపారో చెప్పొద్దనేది. ఆ పొడి వాసన ఎవరికి తెలీదు?

ఇప్పుడీ ఫోను.

పెట్టేసి అత్త వైపు తిరిగాను. గిన్నె ఇంకా తుడుస్తూనే ఉంది.

"దినం శుక్రవారం అట. డబ్బాలు మనమే తెచ్చివ్వమంది."

"తెచ్చివ్వమంది. రమ్మందా?"

"తెచ్చివ్వాలంటే రావాలిగా."

"ఆటోవాడూ తెస్తాడు. దినానికి పిలిచినట్టవుతుందా? అందరూ అయినవాళ్ళుంటారక్కడ. నేను గోడ పక్కన నిలబడి భోంచేసి రావాలా?"

అయిపోయింది, ఇంక కదలదనుకున్నాను. మిషను తీసి కూర్చున్నాను. మూత మీద ఆయన పేరు. దాని కింద పాత శిష్యులంతా కలిసి ఫోనులో పంపించిన ఇంగ్లీషు ముక్క ఒకటి వేయాలి: నోబడీ లవ్డ్ అస్ మోర్ దేన్ హిమ్. మా మీద ఆయనకంటే ఎక్కువ ప్రేమ ఎవరికీ లేదని వాళ్ళ ఉద్దేశం. మొదటి మూత మీద 'హిమ్' దాకా వచ్చి చెయ్యి ఆగింది. గొడుగు తాటించిన చప్పుడు నిజంగా వినపడ్డట్టే అయింది. ఆయన పోశారా, ఆయనకి పోశారా? అమ్మాయ్, తేల్చు.

ఆ మూత పక్కన పడేశాను. మిగతా అన్నిటి మీదా 'దేన్ హి డిడ్' అని వేశాను. ఒక ముక్క ఎక్కువే అయింది. దానికి డబ్బులు తీసుకోలేదు. పోయిన మా నాన్నకి తెలిస్తే స్వర్గం నుంచి దిగి వచ్చేవాడు.

శుక్రవారం పొద్దున డబ్బాల మూటలు కడుతుంటే అత్త పట్టుచీర కాదు, నేతచీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"పద" అంది.

"ఎక్కడికి?"

"నా క్యారేజీ వాళ్ళింట్లో ఉండిపోయింది. మందం క్యారేజీ. ఇప్పుడలాంటిది రాదు. తెచ్చుకోవద్దూ?"

కొట్టువాళ్ళం. ఏడవడానికి కూడా మాకు సామాను వంక కావాలి.

*

గుడివాడలో చెల్లెలు గారిల్లు టెంటు కింద కుర్చీలతో, శిష్యులతో నిండి ఉంది. అవనిగడ్డ నుంచి, నాగాయలంక నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. డబ్బాలు దించి లెక్క ఒప్పజెప్పాను. అత్త తను చెప్పినట్టే గోడ పక్కన, చెప్పుల దగ్గర నిలబడింది. చెల్లెలు ఆవిణ్ణి చూసింది. చూసి లోపలికి వెళ్ళిపోయింది. అత్త నా చెయ్యి గిల్లింది.

"క్యారేజీ అడిగి తీసుకురా. పోదాం."

అప్పుడే లోపల బట్టలు పెట్టడం మొదలైంది. పోయిన మనిషికి బాగా కావలసినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, బంధువులు కొత్త బట్టలు భుజాల మీద కప్పే వరస. చెల్లెలికి పెట్టారు, ఆవిడ భర్తకి పెట్టారు, పిల్లలకి పెట్టారు. కుర్చీ ఖాళీ అయింది. తీసేయబోతుంటే చెల్లెలు ఆపింది. గుమ్మం దాకా వచ్చింది.

"ఏమండీ కాటా గారూ, ఇలా రండి."

అత్త అటూ ఇటూ చూసింది.

"మిమ్మల్నే. రండి, కూర్చోండి."

"నేనెందుకండీ, నేను క్యారేజీ కోసం..."

"క్యారేజీ సంగతి తర్వాత. ముందు కూర్చోండి. జనం చూస్తున్నారు."

అత్త కూర్చుంది. బేరానికి ఎదురుచెప్పే మనిషి, కూర్చోమంటే కూర్చోవడం నేను మొదటిసారి చూశాను. చెల్లెలు లోపల్నుంచి లేత ఆకుపచ్చ చీర తెచ్చి అత్త భుజాల చుట్టూ కప్పింది. ముందే కొని ఉంచిందన్న మాట. పెద్దవాళ్ళెవరో వెనక నుంచి "ఈవిడ ఏమవుతారు?" అన్నారు. చెల్లెలు తిరిగి చూడలేదు.

"మా అన్నయ్యకి కావలసినావిడ" అంది.

అత్త తల వంచుకునే ఉంది. కానీ రెండు వేళ్ళ మధ్య చీర అంచు పట్టుకుని నలిపి చూస్తోంది, నేత ఎంత గట్టిదో. ఆ చేతి అలవాటు చూసి చెల్లెలికి ఏడుస్తూనే నవ్వొచ్చింది.

"మంచిదేలెండి. మీ బందర్లో దొరకదు."

భోజనాలయ్యాక బయల్దేరుతుంటే చెల్లెలు క్యారేజీ తెచ్చి అత్త చేతిలో పెట్టింది. నిండుగా, బరువుగా ఉంది. అత్త మూత చూసింది. పేరు లేదు.

"ఇది మాది కాదు."

"మాది."

"మరి మాది?"

"ఎక్కడికి పోతుంది? కడిగి పెట్టాను, ఆరాలి. వచ్చే ఆదివారం ఇది పట్టుకొచ్చి అది పట్టుకెళ్ళండి."

నా జన్మలో చాలా బేరాలు చూశాను, కొన్ని గెలిచాను. ఆ గుమ్మంలో చెల్లెలు గారి ముందు మేం ఇద్దరం కలిసి ఓడిపోయాం.

రైలు గుడ్లవల్లేరు దాటాక అత్త క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని మూత తీసింది. అన్నీ వదిలేసి అడుగు గిన్నె లాగింది. గోంగూర. వేలితో ముట్టి నాలుక్కి రాసుకుంది. నేను మంచినీళ్ళ సీసా సిద్ధంగా పట్టుకున్నాను. చెవులు ఎర్రబడలేదు. ఇంకోసారి ముట్టి చూసింది.

"కారం తగ్గించేసింది" అంది.

ఎదుటి సీటు ఖాళీగా ఉంది. ఆదివారాలు ఆయన కిటికీ పక్కనే కూర్చునేవారట, గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని. ఎవరూ అడగడం లేదు కాబట్టి నేనే అడిగాను.

"దేనికంటే అత్తా?"

అత్త కిటికీ వైపు తిరిగింది. కొత్త చీర అంచు వేళ్ళ మధ్యే ఉంది.

"ఆయనున్నప్పటికంటే" అంది.

తర్వాత గిన్నె మీద గిన్నె సర్ది, కొక్కెం గట్టిగా బిగించింది.

"ఆదివారానికి మంచి మిరపకాయలు తేవే. ఆవిడ సంగతి చూస్తాను."